సోల్ రింగ్ ఉండాలా, పోవాలా?

పుదుచ్చేరి లాస్‌పేటలో ఒక మేడమీది గది. బల్ల మీద స్లీవుల్లో దూర్చిన 360 కార్డులు, పక్కన పెన్సిలు గీతలతో నిండిపోయిన జాబితా. వాదించుకుంటున్న ఇద్దరిదీ యానాం. అక్కడా ఇక్కడా సర్కారు ఒకటే కాబట్టి బావగారు బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బావమరిది కాలాపేటలో యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదువుతూ, ఆదివారాలు అక్కగారింట్లో భోంచేస్తాడు.

ఇద్దరికీ ఉమ్మడి పిచ్చి మ్యాజిక్: ది గ్యాదరింగ్. రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించగా 1993లో వచ్చిన ఆ ఆటలో ఇప్పటికి వేల కార్డులు పోగయ్యాయి. వాటిలోంచి నచ్చినవి ఏరి, ఏ కార్డూ రెండోసారి రాకుండా కట్ట కట్టుకుంటే అది క్యూబ్. ఎనిమిది మంది చుట్టూ కూర్చుంటారు. తలా మూడు ప్యాకులు, ప్యాకుకి 15 కార్డులు. ఒకటి తీసుకుని మిగతావి పక్కవాడికి అందించాలి. అలా చేతికొచ్చిన 45 లోంచి పనికొచ్చేవి ఏరి, కార్డులు దించడానికి మానా అనే శక్తినిచ్చే ల్యాండ్లు కలిపి, 40 కార్డుల డెక్కు కట్టి ఆడతారు. కార్డులకు ఐదు రంగులు. ఆర్టిఫ్యాక్టుల్లో చాలావాటికి మాత్రం రంగే ఉండదు, ఎవరి డెక్కులోనైనా ఇమిడిపోతాయి. తగువంతా వాటి గురించే. క్యూబ్ బావమరిదిది. కార్డుల్లో సగం బావగారివి. వాదన ఎంతకీ తెగకపోవడానికి ఈ రెండో సంగతి కూడా ఒక కారణం.

బావమరిది: ఆర్టిఫ్యాక్టులు 48 పెట్టానండి. 24 ప్యాకులు కాబట్టి సగటున ప్యాకుకి రెండు. సంఖ్యతో పేచీ లేదు. కానీ ఓ నాలుగు కార్డులు మిగతా ఆటనంతా మింగేస్తున్నాయి. సోల్ రింగ్, మానా క్రిప్ట్, ఉమెజావాస్ జిట్టె, టింకర్‌తో లాక్కొచ్చే బ్లైట్‌స్టీల్ కొలోసస్. ఇవి తీసేస్తే అన్నీ ఒక స్థాయికి వస్తాయి.

బావగారు: అన్నీ ఒక స్థాయిలో ఉంటే ఎంచుకోవడమెందుకోయ్? కళ్లు మూసుకుని ఏదో ఒకటి తీసుకోవచ్చు. ప్యాకు విప్పగానే ఒకసారి గుండె ఝల్లుమనాలి.

బావమరిది: ఝల్లుమనేది తీసుకున్నవాడికి. ఎదురుగా కూర్చున్నవాడి సంగతో? సోల్ రింగ్‌నే చూడండి. దించడానికి ఒక్క మానా. పక్కకి తిప్పితే రెండు మానా ఇస్తుంది. మొదటి టర్నులో ల్యాండ్ వేసి దాన్ని దించుతాడు. దించిన మరుక్షణం తిప్పి, ఆ రెండుతో సిగ్నెట్ అనే ఇంకో మానా ఆర్టిఫ్యాక్టు కూడా దించుతాడు. రెండో టర్నుకి వాడి చేతిలో ఐదు మానా, అవతలివాడి చేతిలో రెండు. అక్కణ్నుంచి ఆడేది ఒక్కడే, రెండోవాడు ప్రేక్షకుడు.

బావగారు: అలా ఎన్నిసార్లు పడుతుంది? లెక్కలు చదివేవాడివి, నువ్వే చెప్పు.

బావమరిది: 40 కార్డుల డెక్కు, మొదటి చేతిలో ఏడు కార్డులు. ఏడు బై నలభై, 17.5 శాతం.

బావగారు: అంటే వంద ఆటల్లో ఎనభై రెండు, ఎనభై మూడు ఆటలకి అది చేతిలో లేనట్టే కదా. దానికింత రాద్ధాంతమా?

బావమరిది: మ్యాచికి తక్కువలో తక్కువ రెండు ఆటలండి. రెండింట్లో ఒక్కసారైనా మొదటి చేతిలో పడే అవకాశం దాదాపు 32 శాతం. మూడు మ్యాచుల్లో ఒకటి అనుకోండి. అదీ ఒక్క కార్డుకి. దానికి తోడు మానా క్రిప్ట్, మానా వాల్ట్, మీరు ముచ్చటపడుతున్న ఐదు మోక్సులు, బ్లాక్ లోటస్ కూడా చేరిస్తే ప్రతి రౌండులోనూ ఎవడో ఒకడు ఒంటరిగా ఆడుకుంటూ ఉంటాడు.

బావగారు: అన్నిట్నీ ఒకే గాటన కట్టకు. లోటస్ దించడానికి ఖర్చు లేదు, మూడు మానా ఇస్తుంది, పోతుంది. ఎనిమిదో టర్నులో చేతికొస్తే దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు. మానా వాల్ట్ ఒకటి తీసుకుని మూడు ఇస్తుంది గానీ, మళ్లీ నిలబెట్టాలంటే నాలుగు కట్టాలి, కట్టకపోతే టర్నుకో దెబ్బ. మానా క్రిప్ట్ టర్ను టర్నుకీ నాణెం ఎగరేయిస్తుంది, ఓడితే మూడు దెబ్బలు. సోల్ రింగ్‌కి ఈ షరతులేవీ లేవు. అన్నిట్లోకీ అదే గట్టిదని నేనే చెబుతున్నాను. గట్టిది కాబట్టి తీసెయ్యాలంటేనే నాకు మింగుడుపడదు.

బావమరిది: మానా క్రిప్ట్‌ని 2024 సెప్టెంబరులో కమాండర్ అనే రకం మ్యాజిక్ ఆటలో నిషేధించారు. షరతే లేని సోల్ రింగ్‌ని మాత్రం ముట్టుకోలేదు.

బావగారు: ఎలా ముట్టుకుంటారు? 2011 నుంచి రెడీమేడ్ కమాండర్ డెక్కుల్లో దాదాపు ప్రతిదాంట్లోనూ దాన్ని పెట్టి అమ్మారు. ఇంటింటా ఉన్నదాన్ని నిషేధిస్తే ఎవడు వింటాడు? సరే, అది వాళ్ల గొడవ. నీకు పేకాట తెలుసుగా. సంక్రాంతికి మన వీధరుగు మీద రమ్మీ వేస్తే రెండు జోకర్లు పడినవాడి ముఖం వెలిగిపోయేది. అంతమాత్రాన జోకర్లు తీసేసి ఆడదామని ఎవరైనా అన్నారా? సికిందరాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? రమ్మీ మూడుముక్కలాటలాగా ఉత్త అదృష్టం కాదంది. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచుకోవాలో ఏది కొట్టాలో తెలియాలి, అది నేర్పు అంది. జోకర్లున్న ఆట గురించే ఆ మాట.

బావమరిది: ఆ జోకరు మీదే నిలబడి మాట్లాడతానండి. ఎన్ని జోకర్లు పడ్డా రమ్మీలో ఒక సీక్వెన్సు నేచురల్‌గా కట్టాల్సిందే. అది లేకుండా షో చెబితే ఫుల్ కౌంటు. జోకరుకి ముక్కుతాడు ఆ రూలే. సోల్ రింగ్‌కి ముక్కుతాడేదీ?

బావగారు: ఉంది. అదిచ్చే మానాకి రంగు లేదు. సవన్నా లయన్స్ దించాలంటే తెల్ల మానా కావాలి. గాబ్లిన్ గైడ్‌కి ఎర్ర మానా కావాలి. సోల్ రింగ్ ఎన్నిసార్లు తిప్పినా వాటిలో ఒక్కటీ దిగదు. రంగు ల్యాండ్ల నుంచే తెచ్చుకోవాలి. అదే నీ నేచురల్.

(ఈ మాటకి బావమరిది కాసేపు కార్డులు సర్దుతూ కూర్చున్నాడు. నాకు తెలిసి ఆ సాయంత్రం బావగారు చెప్పిన వాటిలో బాగా ఆలోచించి చెప్పిన మాట ఇదే. అయితే అది ఆయనకే అడ్డం తిరిగింది.)

బావమరిది: మరి ఆ రూలు ఎవరి మీద పనిచేస్తోంది? ఒకటీ రెండూ మానా క్రీచర్లతో హడావిడిగా కొట్టే అగ్రోవాడి మీద. వాడికి సోల్ రింగ్ దొరికినా పెద్ద ఉపయోగం లేదు. ఐదారు మానా కార్డులు పెట్టుకుని కూర్చున్న కంట్రోల్‌వాడికి మాత్రం కావలసింది ఉత్త మానాయే, రంగెవడికి కావాలి! సోల్ రింగూ సిగ్నెట్టూ పడితే మూడో టర్నుకే వర్మ్‌కాయిల్ ఇంజిన్ దిగుతుంది. ఆరుకి ఆరు బలం, కొట్టినప్పుడల్లా ఆరు లైఫ్, చంపితే చచ్చి రెండు ముక్కలై లేస్తుంది. ఎదురుగా అగ్రోవాడు రెండు సింహం పిల్లలతో నిలబడి ఉంటాడు. జోకరు అందరికీ సమానమన్నారు, చూశారా ఎవరికి సమానమో?

బావగారు: ఆ సింహానికి కత్తి కట్టొచ్చుగా. సోల్ రింగ్ ఉన్న అగ్రోవాడు రెండో టర్నులో సింహాన్నీ, స్వోర్డ్ ఆఫ్ ఫైర్ అండ్ ఐస్‌నీ కలిపి దించగలడు. మూడో టర్నులో కత్తి తగిలించి కొడతాడు. లేదా నా జిట్టె ఉంది.

బావమరిది: జిట్టె మాట మీరే ఎత్తారు, నేనెత్తలేదు. 2005 కార్డు. దించడానికి రెండు, తగిలించడానికి రెండు. పట్టుకున్న క్రీచరు పోరులో దెబ్బ కొడితే చాలు, రెండు కౌంటర్లు ఎక్కుతాయి. ఎదుటివాడు అడ్డం పెట్టినా ఎక్కుతాయి. ఒక్కో కౌంటరు తీసి మనవాణ్ని రెండు పెంచొచ్చు, లేదా అవతలి క్రీచర్ని ఒకటి తగ్గించొచ్చు, లేదా రెండు లైఫ్ తీసుకోవచ్చు. చిన్న క్రీచర్లతో ఆడేవాడి బల్ల రెండు టర్నుల్లో ఖాళీ. నేను ఏ కార్డునైనా ఒకటే అడుగుతాను. ఇది దిగాక ఎదుటివాడికి చెయ్యడానికి ఇంకా ఏమైనా మిగిలిందా?

బావగారు: మిగలకేం! పగలగొట్టొచ్చు. డిసెన్‌చాంట్ 1993 నుంచీ ఉంది. పచ్చవాడికి రిక్లమేషన్ సేజ్, ఎర్రవాడికి మానిక్ వాండల్.

బావమరిది: నలుపువాడికి?

బావగారు: పట్టుకున్నవాణ్ని చంపుకుంటాడు.

బావమరిది: జిట్టె బల్ల మీదే ఉంటుంది, ఇంకోడు పట్టుకుంటాడు. నలుపుకి ఆర్టిఫ్యాక్టుని పగలగొట్టే దారి దాదాపు లేనట్టే. ఇలాంటివి నాలుగు పెట్టి, వీటికి విరుగుడని ప్రతి రంగులోనూ డిసెన్‌చాంట్ లాంటివి నింపుకుంటూ పోతే, ఎదుటివాడి డెక్కులో ఆర్టిఫ్యాక్టే లేని రోజున అవి చేతిలో చెత్తగా మిగులుతాయి. అందుకే నేను సేజ్, వాండల్ లాంటివే పెట్టాను. పగలగొట్టడానికేమీ లేకపోయినా ఒక క్రీచరైనా దిగుతుంది.

బావగారు: అది తెలివైన పనే. మరి స్కల్‌క్లాంప్‌ని ఎందుకు ఉంచావు? దించడానికి ఒకటి, తగిలించడానికి ఒకటి. ఒంటి ప్రాణం క్రీచరుకి తగిలించగానే అది చస్తుంది, రెండు కార్డులు చేతికొస్తాయి. 2004 జూన్‌లో స్టాండర్డ్ రకం ఆటలో నిషేధించారు. నిషేధించినదాన్ని ఉంచి, మామూలుగా అమ్ముకునేదాన్ని పీకేస్తావా?

బావమరిది: అప్పుడు డెక్కుకి నాలుగేసి స్కల్‌క్లాంపులు పెట్టేవాళ్లు, అదీ ఊళ్లో ప్రతివాడూ. ఇక్కడ ఒక్కటే ఉంది. పైగా అది దానంతట అది ఏమీ చెయ్యదు. చంపుకోవడానికి చిన్న క్రీచర్లు ఉండాలి. అంటే మన బీద అగ్రోవాడికి దొరికిన ఒకే ఒక్క మంచి ఆర్టిఫ్యాక్టు అది. కంట్రోల్‌వాడు దాన్ని చూసి పక్కవాడికి అందించేస్తాడు. అలా ఒకడికి బంగారం, ఇంకొకడికి మట్టి అయ్యే కార్డే నాకు కావాలి. నిషేధాల జాబితా చూసి క్యూబ్ కట్టకూడదండి.

బావగారు: భలే! ఒక్కటే ఉంది కాబట్టి స్కల్‌క్లాంప్ పర్వాలేదు. సోల్ రింగ్ కూడా ఒక్కటేగా?

బావమరిది: వింటేజ్ ఆటలో చాలావాటిని నాలుగేసి పెట్టుకోవచ్చు, సోల్ రింగ్ లాంటి కొన్నిటిని మాత్రం ఒక్కటే. ఆట మొదలైన తొలి రోజుల నుంచీ ఆ కట్టడి ఉంది. ఒక్కటైనా ఎక్కువే అని వాళ్లకీ తెలుసు, కాకపోతే పూర్తిగా తీసేసే మనసు లేదు.

బావగారు: నీకుందన్నమాట.

బ్లైట్‌స్టీల్ దగ్గర మాత్రం గొడవ ఐదు నిమిషాల్లో తేలింది. టింకర్ నీలం కార్డు, 1999 నాటిది. మూడు మానా, ఒక ఆర్టిఫ్యాక్టుని బలిచ్చి డెక్కులోంచి ఇంకో ఆర్టిఫ్యాక్టుని నేరుగా బల్ల మీదికి తెచ్చుకోవచ్చు. సోల్ రింగ్‌ని తిప్పి మానా తీసుకుని, ఆ రింగునే బలిస్తే రెండో టర్నులో 12 మానా కొలోసస్ దిగుతుంది. దాని దెబ్బ పదకొండు, పడేది విషం, పది విషం పడితే చావు. మూడో టర్నుకి ఆట సరి. టింకర్ ఉండనీ, బ్లైట్‌స్టీల్ పోనీ అన్నది బావగారే. టింకర్‌తో వర్మ్‌కాయిల్ తెచ్చుకున్నా ఎదుటివాడు స్వోర్డ్స్ టు ప్లోషేర్స్‌తో దాన్ని సాగనంపి ఊపిరి పీల్చుకోవచ్చు. ఒక కార్డు విలువ దాని పక్కన ఏముందో చూసి కట్టాలన్న సంగతి వాళ్లిద్దరూ పైకి అనకుండానే ఒప్పుకున్నట్టు నాకనిపించింది. తర్వాత మాట వాన మీదికీ, కార్డుల మీదికీ మళ్లింది.

బావగారు: ఇదిగో ఈ వర్మ్‌కాయిల్ చూడు. ఫాయిల్ కార్డని మోజుపడి తెప్పించుకున్నాను. ఐప్పసి నెల వానలకి ఎలా వంగిందో.

బావమరిది: కాగితం తేమ పీలుస్తుంది, మీది మెరుపు పొర పీల్చదు. అందుకే విల్లులా వంగుతుంది. డెక్కుని అంచు మీద నిలబెడితే నడుమ సందు కనిపిస్తుంది చూడండి. అదెక్కడుందో ముట్టుకోకుండానే చెప్పొచ్చు. సముద్రం పక్కన ఉంటూ ఫాయిల్ పెడితే గుర్తు పెట్టిన ముక్కతో ఆడినట్టే. మామూలు వర్మ్‌కాయిల్ నా దగ్గరుంది, అది పెడతాను.

బావగారు: లోటస్ మాట? ప్రాక్సీ చేద్దామా?

బావమరిది: లోటస్ మీద మీ ప్రేమ పోదు. పోటీల్లో చెల్లే కార్డుగా చివరిసారి అచ్చయింది 1993లో. 1996లో రిజర్వ్‌డ్ లిస్టు ప్రకటించాక ఇక అలా అచ్చు వెయ్యరని ఖాయమైంది. 2021లో ఒక్క కార్డు 5,11,100 డాలర్లకి పోయింది. ప్రాక్సీ చెయ్యడానికి నాకభ్యంతరం లేదు. ప్రింటు తీసి ఒక మామూలు ల్యాండ్ ముందు పెట్టి స్లీవులో దూరిస్తే సరి. కానీ కిందటిసారి మీరు ఆశ్రమం వాళ్ల చేతికాగితం మీద ప్రింటు తీయించారు.

బావగారు: ఎంత బాగుందో! 1959 నుంచీ ఆ ఫ్యాక్టరీ నడుస్తోంది, ఊళ్లో ఉంటూ వాడకపోతే ఎలా?

బావమరిది: బాగుంది. స్లీవులో పట్టలేదు, పట్టించాక కలిపిన ప్రతిసారీ డెక్కు సరిగ్గా అక్కడే తెగింది. ఫాయిల్ కన్నా అన్యాయం.

(వంటింట్లోంచి అక్కగారు, ఆ కాగితం మీద తనకి శుభలేఖలు అచ్చు వేయించలేదని గుర్తు చేశారు. దానికి ఇద్దరిలో ఎవరూ జవాబు చెప్పలేదు.)

బావగారు: స్మోక్‌స్టాక్, టాంగిల్ వైర్, వింటర్ ఆర్బ్. వీటినెందుకు తీశావు?

బావమరిది: ఎదుటివాణ్ని కదలనివ్వకపోవడమే వాటి పని. ఆట గంటసేపు చావదు, బతకదు. సెన్సేస్ డివైనింగ్ టాప్‌ని కూడా ఆలస్యం వల్లే తీశాను. పైనున్న మూడు కార్డులు తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంటారు.

బావగారు: బలమైనవి పోవాలి, నిదానమైనవీ పోవాలి. స్మగ్లర్స్ కాప్టర్ ఉంచావా?

బావమరిది: ఉంచాను. నాకు అన్నిట్లోకీ ఇష్టమైన ఆర్టిఫ్యాక్టు అదే. 2016లో కాలదేశ్ అని మన దేశపు ఛాయలతో ఒక లోకం సృష్టించారు కదా, అందులోది. ఇప్పుడు దాన్ని ఆవిష్కార్ అంటున్నారు. రెండు మానాకి ఎగిరే వాహనం, మూడుకి మూడు బలం. నడపడానికి ఒక చిన్న క్రీచర్ని పక్కకి తిప్పాలి. దాడికి వెళ్లినప్పుడల్లా ఒక కార్డు తీసి ఒకటి కొట్టొచ్చు. నడిపేవాడు లేకపోతే అది క్రీచరే కాదు, కాబట్టి క్రీచర్లన్నిట్నీ ఊడ్చేసే కార్డు వేసినా అది మిగులుతుంది. 2017 జనవరిలో స్టాండర్డ్‌లో దాన్నీ ఆపేశారు. అయినా దాన్ని ఎదుర్కోవచ్చు. నడిపేవాణ్ని చంపొచ్చు, అడ్డం నిలవొచ్చు, పగలగొట్టొచ్చు. దిగాక కూడా ఎదుటివాడికి మూడు పనులు మిగిలాయి చూడండి.

బావగారు: ఆ ప్రశ్న బాగుంది గానీ నువ్వు దాన్ని రెండో సగానికే వేస్తున్నావు. ఆట సగం, డ్రాఫ్టు సగం. కొత్తగా వచ్చి కూర్చున్న కుర్రాడి సంగతి చూడు. మొదటి ప్యాకు విప్పాడు. పక్కవాడు ఏ రంగు అందిస్తాడో తెలియదు. రంగు కార్డు తీసుకుంటే రెండో ప్యాకుకి ఇరుక్కుపోతాడు. రంగులేని మంచి కార్డొకటి ఉంటే తీసుకుని కాసేపు గాలి ఎటు వీస్తోందో చూస్తాడు. రంగు లేకపోవడమే వాడికి ఊపిరి.

బావమరిది: ఊపిరే. కానీ పదునైన కార్డులన్నీ రంగులేనివే అయితే ఎనిమిది మందీ వాటికోసమే కాచుకుంటారు. రంగు ఎంచుకోవడం అనే పని చిట్టచివరికి పోతుంది. కంపెనీవాళ్లకీ అది తెలిసొచ్చింది. 2019లో ఎంబర్‌క్లీవ్ చేశారు, ఆర్టిఫ్యాక్టే గానీ ఎర్ర మానా రెండు అడుగుతుంది. అదే ఏడు గ్రేట్ హెంజ్, అది పచ్చవాడిది. 2021లో ఎసికాస్ చారియట్, అదీ పచ్చదే. నేనలాంటివి ఎనిమిది పెట్టాను.

బావగారు: రంగు పూసిన జోకరు మామూలు ముక్కేనోయ్. సరే, సోల్ రింగ్ తీసేశావనుకుందాం. ఆ స్లీవులో ఏం పెడతావు?

బావమరిది: వోర్న్ పవర్‌స్టోన్. అదీ రెండు మానాయే ఇస్తుంది. కానీ దించడానికి మూడు, దిగేటప్పుడే తిప్పి ఉంటుంది. నాలుగో టర్ను దాకా ఎవరికీ ఏమీ కాదు. అప్పటికి అగ్రోవాడు చెయ్యాల్సినంత నష్టం చేసేసి ఉంటాడు.

బావగారు: నీ లెక్క నిజమో కాదో ఎలా తెలుస్తుంది? సోల్ రింగ్ మొదటి చేతిలో పడినవాడు నిజంగా అన్నిసార్లు గెలుస్తున్నాడా? రాసిపెట్టావా?

బావమరిది: లేదండి.

బావగారు: రాయి. వచ్చే ఆదివారం నుంచి. ఎవడికి పడింది, ఏ టర్నులో దించాడు, గెలిచాడా ఓడాడా.

బావమరిది: ఒక్క ఆదివారంతో ఏం తేలుతుంది? సోల్ రింగ్ మొదటి చేతిలో పడిన ఆటలే కనీసం ఓ ముప్ఫై కావాలి. 17.5 శాతం చొప్పున ముప్ఫై రావాలంటే ఆ డెక్కు 171 ఆటలు ఆడాలి.

బావగారు: వారానికెన్ని ఆడుతుంది?

బావమరిది: మూడు రౌండ్లు, రౌండుకి రెండో మూడో. ఏడనుకోండి. అంటే... ఆరు నెలలు.

బావగారు: అయితే ఆరు నెలలు ఉంచు.

బావమరిది: ఇందాకటి నుంచీ దీనికోసమేనా అడుగుతున్నారు!

బావగారు: జిట్టె నాదే కాబట్టి నేనే తీసుకెళ్లిపోతాను, నీ మాట గౌరవించినట్టూ ఉంటుంది.

బావమరిది: మానా క్రిప్ట్ కూడా ఇవాళే పోవాలి.

బావగారు: పోనీ. ఆ చోట నా స్మోక్‌స్టాక్ పెట్టు.